బాక్సు పక్కన జెస్సీ

మా జెస్సీని సౌండు బాక్సు పక్కన కూర్చోబెడితే అక్కడే నిద్రపోయేది.

నాకు ఆళ్లగడ్డలో మైక్ సెట్ దుకాణం ఉంది. పెళ్ళిళ్ళకు, ఊరి దేవర జాతర్లకు, మీటింగులకు, చర్చి కూడికలకు బాక్సులు, యాంప్లిఫయర్, వైర్లు ఆటోలో వేసుకొని పోయి కట్టి వస్తాను. పాట మొదలైందంటే బాక్సు దగ్గరున్న పిల్లలందరూ చెవులు మూసుకొని తల్లుల దగ్గరకు పరిగెడతారు. చంటిపిల్లలైతే ఉలిక్కిపడి ఏడుస్తారు. ఆరేళ్ళ జెస్సీ మాత్రం బాక్సు మీద అరచెయ్యి ఆనించి, ఆ పైన చెంప కూడా ఆనించి, రెండో చేత్తో తొడ మీద తాళం వేసేది. తాళం ఒక్కసారి కూడా తప్పేది కాదు.

"మైకన్న కూతురంటే ఇట్లుండాల. నా కొడుకులుండారు దేనికీ! టపాకాయ పేలితే వాళ్ళమ్మ కొంగులో దూరతారు," అనేవాడు బుడేన్.

బుడేన్ మా పక్కింటివాడు. నా బాక్సులు మోసే ఆటో అతనిదే. అతను అలా అన్నప్పుడల్లా నేను పైకి నవ్వి ఊరుకునేవాణ్ణి గానీ లోపల గర్వంగా ఉండేది.

ఆ ఏడు వాళ్ళ రంజాన్ నెల, మా శ్రమదినాల ఉపవాసాలు ఒకే వారంలో మొదలయ్యాయి. ఈస్టర్ వచ్చేదాకా రోజుకొక ఇంట్లో సాయంత్రం కూడిక పెట్టుకోవడం మా సంఘంలో పద్ధతి. చిన్న బాక్సు ఒకటి, మైకు ఒకటి తీసుకొని నేను ప్రతి ఇంటికీ పోవాలి. బుడేన్ పగలంతా ఉపవాసం ఉండి, ఎండిన పెదాలతో ఆటో నడుపుతూ నన్ను ఏడిపించేవాడు.

"మీ ఉపవాసం ఏందన్నా, పొద్దున టీ తాగొచ్చు, మధ్యాన్నం అన్నం తినొచ్చు. దాన్ని ఉపవాసమంటారా?"

"మాంసం మానేసినాం గదప్పా."

"ఆ మానిందంతా ఈస్టర్ దినం ఒక్కపూట్నే తింటారు గదా, నేను సూళ్ళేదా?"

వెనక సీట్లో బాక్సుల మధ్య కూర్చున్న జెస్సీ మా ఇద్దరి మొహాలూ చూసి, మేము నవ్వితే తానూ నవ్వేది. ఆ పిల్ల అలా మొహాలు చూసి నవ్వుతుందని అప్పట్లో నేను గమనించలేదు.

ఇంట్లో మా అమ్మ నరసమ్మకు, జెస్సీకి రోజూ గొడవే.

"మే జెస్సీ! మేయ్! ఆ చెంబు ఇట్ల తే."

జెస్సీ గుమ్మంలో కూర్చొని గవ్వలు ఆడుకుంటూనే ఉండేది.

"సూసినావా ప్రేమా, నీ కూతురి పొగరు? అవ్వ గొంతు చించుకుంటాన్నా తిరిగి సూడదు."

నా భార్య ప్రేమకుమారి కుట్టుమిషను ఆపి, లేచి వెళ్ళి పిల్ల భుజం తట్టేది. అప్పుడు జెస్సీ తలెత్తి, "ఆఁ?" అనేది. మా ఇంట్లో ఆ పిల్ల నోటి నుంచి ఎక్కువ వినపడిన మాట అదే. బళ్ళో టీచరమ్మ కూడా ఒకసారి ప్రేమను పిలిచి, పాప పిలిస్తే పలకదని, పాఠం మీద ధ్యాస లేదని, ఒకసారి చెవులు చూపించమని చెప్పింది. ప్రేమ ఇంటికి వచ్చి ఆ మాట నాతో అంటే నేను అన్నాను, "చెవుడైతే పాటకు తాళం ఎట్ల ఏస్తాది?"

 అంతటితో ఆ మాట ఆగిపోయింది.

చెవి కారడం కూడా మాకు కొత్త కాదు. జలుబు చేసినప్పుడల్లా జెస్సీకి ఎడమ చెవి కారేది. దిండు గలేబు మీద పసుపు మరక, కొంచెం వాసన. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసి దూది పెట్టేది. "నీకూ కారినాది, మీ నాయనకూ కారినాదంట. పాలపండ్లు ఊడినాక అదే పోతాది. చెవి కారని పిల్లోల్లు యాడుండారు?" అనేది. మందుల షాపులో చుక్కల మందు తెచ్చి వేసేవాళ్ళం. కొన్నాళ్ళు తగ్గేది, మళ్ళీ వచ్చేది.

ఆ చలికాలం చివర వచ్చిన జలుబుకు మాత్రం చెవి కారడం ఎంతకీ తగ్గలేదు. మా ఇంట్లో కూడిక వంతు వచ్చేనాటికి దూది మార్చిన గంటకే తడిసిపోతోంది.

* * *

మా ఇంటి కూడికకు జనం బాగా వచ్చారు. మా పాస్టరు ఎజ్రా అయ్యగారు ఆ సాయంత్రం ప్రభువును పట్టుకోవడానికి మనుషులొచ్చిన ఘడియ గురించి చెప్పారు. అక్కడ ఒక పనివాడి చెవి తెగిపోవడం, ప్రభువు ఆ గొడవలోనే ఆగి, తనను పట్టుకోను వచ్చినవాడి చెవిని ముట్టి బాగుచేయడం. నేను చిన్నప్పటి నుంచి విన్నదే. కానీ ఆరోజు మా ఇంట్లో, చెవిలో దూది పెట్టుకున్న పిల్లను ఒళ్ళో పెట్టుకొని వింటుంటే నా చెయ్యి ఆ చెవి మీదకు పోయింది. ప్రేమ కొంగు అడ్డం పెట్టుకొని ఏడ్చింది.

ముగింపులో ప్రేమ పిల్లను ముందుకు తీసుకుపోయింది. అయ్యగారు జెస్సీ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. అందరూ లేచి నిలబడి చేతులు చాపారు. జెస్సీ తల తిప్పి వాళ్ళ పెదాలన్నీ ఒక్కొక్కటిగా చూసింది.

ఆ మరుసటి రోజు దూది తడవలేదు. ఆ తర్వాతి రోజూ తడవలేదు. ప్రేమ పూటపూటకూ దూది తీసి వెలుతురులో పట్టుకొని చూసేది. తెల్లగా ఉండేది.

"ఏమయ్యా, సూడు. మల్లెపువ్వు మాదిరి ఉండాది," అని నా దగ్గరికి తెచ్చి చూపించింది. పెళ్ళైన కొత్తలో తప్ప ఆమె మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

ఆదివారం ఆరాధనలో, సాక్ష్యాలు చెప్పేవాళ్ళుంటే రమ్మని అయ్యగారు అడిగారు. ప్రేమ లేచింది. మైక్ సెట్ వాడి భార్య మైకు పట్టుకోవడం అదే మొదటిసారి. రెండు చేతులతో పట్టుకుంది.

"అందరికీ వందనాలండి. మా పాపకు చానా దినాలుగా చెవి కారతా ఉండె. నూనె పోసినాం, మందు పోసినాం, తగ్గల్యా. మా ఇంట్లో కూడికలో మీరంతా ప్రార్థన చేసినారు. మరుసటి దినం నుంచి చుక్క గూడా కారల్యా. ప్రభువు నా బిడ్డను ముట్టినాడు. దేవునికే స్తోత్రం."

"హల్లెలూయ!" అన్నారు అందరూ. వీధిలోకి కూడా వినపడాలని నేను యాంప్లిఫయర్ దగ్గర నాబ్ కొంచెం పెంచాను. బయటకి వచ్చాక ఆడవాళ్ళు ప్రేమ చుట్టూ చేరారు. జెస్సీ బుగ్గలు పుణికారు. మా అమ్మయితే తానే చెప్పినంత సంబరంగా, "నా కోడలు ఎంత బాగా చెప్పినాదో ఇంటిరా?" అని అందరినీ అడిగింది.

* * *

సోమవారం జెస్సీ బడికి పోలేదు. ఒళ్ళు వెచ్చగా ఉంది. జ్వరం మాత్ర వేశాము. మంగళవారం అన్నం ముట్టలేదు. బుధవారం పొద్దున లేచి నీళ్ళ దగ్గరకు పోతూ గోడ పట్టుకొని నడిచింది. నేల ఒకవైపు ఒరిగినట్టు ఆ పిల్ల ఒక పక్కకు పోతోంది. తల ముట్టుకుంటే ఏడ్చింది. దూది మాత్రం తెల్లగానే ఉంది.

"నంద్యాలకు పోయొద్దామా?" అన్నాను ప్రేమతో.

ఆమె కుడుతున్న జాకెట్టు బట్ట తీసి మడత పెట్టింది.

"ఏమని చెప్పి పోదాం?"

"చెవి నొప్పని."

"ఆ చెవే బాగైందని నేను ఆదివారం మైకులో చెప్పినా గదా. ఊరంతా ఇన్నారు. ఇప్పుడు ఆ చెవే పట్టుకొని ఆస్పత్రికి పోతే, దేవుడు చేసింది కాదన్నట్టు గాదా?"

మా అమ్మ మంచం మీద నుంచి అందుకుంది. "చెవి బాగనే ఉండాది. ఇది ఉత్త జొరం. ఎండలు మొదలైనాయి, పిల్లకు వేడి చేసినాది. ఇంత గంజి తాపియ్యండి. సాక్ష్యం చెప్పి వారం కాల్యా, అప్పుడే నమ్మకం చాలక పాయెనా అంటారు నలుగురూ."

 నాకూ ఇది పరీక్షేమో అనిపించింది. బాగుచేసిన తర్వాత నిలబడతారా లేదా అని దేవుడు చూస్తున్నాడేమో. ఆ సాయంత్రం వేరే ఇంట్లో కూడికకు బాక్సు కట్టి, అక్కడ కళ్ళు మూసుకొని అదే అడిగాను. ప్రేమ పిల్లను ఎత్తుకొని వెనక వరసలో కూర్చుంది. ఎవరైనా పాప ఎట్లుందని అడిగితే, "బాగుంది, స్తోత్రం," అంటోంది. అలా అంటూ పిల్ల జుట్టును ఎడమ చెవి మీదకు లాగి సర్దుతోంది.

గురువారం మధ్యాహ్నం జెస్సీ ఇంట్లో ఉండనని ఏడిస్తే దుకాణానికి తెచ్చాను. గోనెసంచి పరిచి పడుకోబెడితే, లేచి పోయి బాక్సుకు ఆనుకుంది. రిపేరు నుంచి వచ్చిన బాక్సు అది. పిల్లల పాట ఒకటి పెట్టి చూస్తున్నాను. జెస్సీ నా వైపు వీపు పెట్టి, చెయ్యి బాక్సు మీద ఆనించి కళ్ళు మూసుకుంది. బయట బుడేన్ ఆటోలో ఇంకో రెండు బాక్సులు ఎక్కించి తాళ్ళు కడుతున్నాడు.

కరెంటు పోయింది.

పాట ఆగింది. ఫ్యాను ఆగింది. ఉపవాసాల రోజులు కావడంతో వీధిలో కూడా అలికిడి లేదు. జెస్సీ వెంటనే కళ్ళు తెరిచింది.

"నాయనా, పాట యాల ఆపినావ్?" అంది బాక్సు వైపే చూస్తూ.

"కరెంటు పోయిందమ్మా."

జెస్సీ బాక్సు వైపే చూస్తోంది.

"జెస్సీ."

కదల్లేదు.

"జెస్సీ!"

"ఏందన్నా అట్ల అరుస్తాండావ్?" అన్నాడు బుడేన్ రోడ్డు మీద నుంచి.

జెస్సీ అరచేత్తో బాక్సును మెల్లగా తట్టింది. నిద్రపోయినవాళ్ళను లేపుతున్నట్టు, ఒకసారి తట్టి, ఆగి, మళ్ళీ తట్టింది.

నేను లేచి ముందుకు వెళ్ళి ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నాను. నన్ను చూసి నవ్వబోయింది, నొప్పికి మొహం ముడుచుకుంది. ఎడమ చెవి మీది జుట్టు తప్పించాను. చెవి ముందుకు తోసుకొచ్చి, కప్పుకు పిడి ఉన్నట్టు నిలబడింది. వెనక ఎముక మీద ఎర్రగా, నున్నగా, పండులా వాచింది.

"ఆటో తియ్యి బుడేన్."

"యాడికి? బాక్సులు ఎక్కించినా గదన్నా, కూడిక లేదా?"

"నంద్యాలకు."

అతను వచ్చి పిల్లను చూశాడు.  కట్టిన తాళ్ళు విప్పి బాక్సులు రోడ్డు మీదకు దించేశాడు. "ఈడనే ఉండనీ. ఎవుడన్నా ఎత్తుకపోతే పోనీ," అన్నాడు.

ఇంటి ముందు ఆటో ఆగితే ప్రేమ గుమ్మంలోకి వచ్చింది.  నేను జుట్టు పక్కకు తీసి పిల్లను ఆమె వైపు తిప్పాను. ఆమెకు ఆ వాపు కొత్త కాదని ఆమె మొహం చూస్తే తెలిసింది. వచ్చి ఆటోలో కూర్చొని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది. చెప్పులు కూడా వేసుకోలేదు. వెనక నుంచి మా అమ్మ, "అయ్యగారికి ఒక మాట చెప్పి పోండిరా," అంటోంది. బుడేన్ అప్పటికే ఆటో కదిలించాడు.

దారిలో సిరివెళ్ల చేరేసరికి పొద్దు కుంకింది. మసీదులో పిలుపు మొదలైంది. బుడేన్ ఆటోను పక్కకు తీసి, సీసాలో నీళ్ళు రెండు గుక్కలు తాగి, జేబులో నుంచి ఖర్జూరం తీశాడు. దాన్ని తను తినకుండా జెస్సీకి అందించాడు.

"తినమ్మా. మైకన్న కూతురు గదా, భయపడకూడదు."

జెస్సీ తీసుకొని నోట్లో పెట్టుకుంది. వెంటనే వాంతి చేసుకుంది. ప్రేమ చీరంతా తడిసింది.

"నువ్వు ఏమన్నా తిను బుడేన్," అన్నాను.

"నీళ్ళు తాగినా గదన్నా. సాలు," అని బండి ఎక్కాడు.

* * *

నంద్యాల పెద్దాసుపత్రిలో చెవి డాక్టరు ఒక అమ్మాయి. మన ప్రాంతం మనిషి కాదు. నుదుటి మీది లైటు వేసి రెండు చెవులూ చూసింది, స్కానింగ్ తీయించింది. ఏదో మందు చెయ్యికి ఎక్కించమని నర్సుకు చెప్పి మమ్మల్ని కూర్చోమంది.

"పాపకు ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదు?"

"ఇనపడతాదమ్మా," అన్నాను. అప్పటికీ నా నోటికి అదే వచ్చింది. "బాక్సు పక్కన కూర్చుంటే పాటకు తాళం ఏస్తాది."

"చెయ్యి బాక్సు మీద పెడుతుందా?"

"పెడతాది."

"ఆ అదురు చేతికి తెలుస్తుంది. తాళం వేసేది దానికి," అంది ఆమె. గొంతులో కోపం లేదు, నిదానంగా చెప్పింది. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక జిగురులాంటి నీరు నిలిచిపోయి ఉందట. పిల్లల్లో ఇది చాలామందికి వస్తుందట. నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలియదట. "నీళ్ళలో మునిగినప్పుడు గట్టు మీద వాళ్ళ మాటలు ఎలా వినపడతాయి? పాపకు ఇన్నాళ్ళూ అలా వినపడి ఉంటుంది. ఎడమ చెవిలో చీము కూడా పట్టింది."

"చీము ఆగిపోయిందమ్మా," అంది ప్రేమ. "పోయిన వారమే ఆగిపోయింది. దూది తెల్లగా ఉంటాంది."

"ఆగలేదమ్మా. బయటికి వచ్చే దారి మూసుకుపోయింది. లోపలికి, ఎముకలోకి పోయింది. ఇంకా లోపలికి పోతే మెదడు. రేపు పొద్దున్నే ఆపరేషన్ చేయాలి."

నేను చిన్నప్పుడు కేసీ కాలువలో ఈత నేర్చుకున్నాను. మునిగినప్పుడు గట్టు మీద మా నాయన అరుపులు ఎలా వినపడేవో నాకు తెలుసు. ఎవరో అరుస్తున్నారని తెలుస్తుంది. ఏమంటున్నారో తెలియదు. మా జెస్సీ ఇన్నేళ్ళూ ఆ కాలువ అడుగున కూర్చొని ఉంది. మేము గట్టున నిలబడి పొగరు అన్నాము.

ఆపరేషన్ జరుగుతుండగా ఎజ్రా అయ్యగారు బస్సు దిగి వచ్చారు. ఆయన నా పక్కన కూర్చొని కళ్ళు మూసుకున్నారు గానీ పైకి ప్రార్థన చేయలేదు. ప్రేమ వచ్చి ఆయన ఎదుట నిలబడింది. వాంతి మరకలున్న చీరే ఇంకా కట్టుకొని ఉంది.

"అయ్యగారూ, నేను అబద్ధం చెప్పినానా?"

"లేదమ్మా. నువ్వు చూసింది చెప్పినావు."

"సూసింది తప్పయితే?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు. "నేను కూడా స్తోత్రం అన్నానమ్మా. నేను కూడా చూడలేదు."

"మంగళారమే వాపు సూసినా నేను," అంది ప్రేమ. "జుట్టుతో కప్పినా. నా మాట పోతాదని గాదయ్యా. దేవుని మాట పోతాదని."

అయ్యగారు లేచి ఆమెను తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన మంచి మనిషి. ఆ సమయంలో ఏ మాట చెప్పినా అది ఆమెకు కాక తనకు తాను చెప్పుకున్నట్టే ఉంటుందని ఆయనకు తోచి ఉంటుంది. సాయంత్రం దాకా మాతోనే ఉండి, టీ తెచ్చిచ్చి, చివరి బస్సుకు పోయారు.

మధ్యాహ్నమే ఆపరేషన్ అయిపోయి డాక్టరమ్మ బయటకి వచ్చి చెప్పింది. ప్రాణానికి భయం లేదు. కుడి చెవిలో నీరు తీసి సన్నటి గొట్టం పెట్టింది, ఆ చెవికి ఇక బాగా వినపడుతుంది. ఎడమ చెవి లోపలి భాగం చీముకు పాడైపోయింది. దానికి ఇక వినపడదు.

"సోమారమే తెచ్చింటే?" అడిగింది ప్రేమ.

డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు పాపకు తోడుగా ఉండమ్మా," అని లోపలికి వెళ్ళిపోయింది.

 

* * *

ఉగాది, రంజాన్ రెండూ మేము ఆసుపత్రిలో ఉండగానే వెళ్ళిపోయాయి. పండగ రోజు బుడేన్ డబ్బా నిండా సేమ్యా తెచ్చాడు. జెస్సీ తల చుట్టూ కట్టుతో, మంచం మీద కూర్చొని తిన్నది.

ఇంటికి వచ్చిన మొదటి రోజు ఆ పిల్ల పడుకొని పైకి చూస్తూ, "నాయనా, ఫ్యాను అరుస్తాంది," అంది. మాకు మొదట అర్థం కాలేదు. తర్వాత చూరు మీద కాకికి భయపడింది. కుక్కరు కూత వేస్తే వంటింట్లో నుంచి పరిగెత్తుకొచ్చింది. కుట్టుమిషను దగ్గర నిలబడి, అది కుడుతున్నంతసేపూ నోరు తెరుచుకొని చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ మిషను కిందే ఆడుకున్న పిల్ల.

మా అందరికీ ఆ పిల్లతో గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది. మా అమ్మ ఒకరోజు, "మే జెస్సీ, అన్నం తిందువురా!" అని ఎప్పటిలాగే అరిచింది.

జెస్సీ కుడి చెవి మూసుకొని, "యాల అవ్వా అట్ల అరుస్తాండావ్?" అంది.

మా అమ్మ గరిటె పక్కన పెట్టి, వచ్చి పిల్ల ఎదురుగా కూర్చుంది. ఆ తర్వాత ఆ పిల్లను పొగరని ఆమె ఎప్పుడూ అనలేదు. నిజానికి ఎవరినీ ఏమీ అనడం తగ్గించేసింది.

ఎడమ వైపు నుంచి పిలిస్తే జెస్సీ కుడి వైపుకు తిరిగి వెతుకుతుంది. పిలిచినవాళ్ళు అక్కడ లేకపోతే చుట్టూ తిరిగి చూస్తుంది. ప్రేమ ఇప్పుడు ఎక్కడ ఉన్నా లేచి కుడి పక్కకు వచ్చి పిలుస్తుంది. మైకు సంగతి, సాక్ష్యం సంగతి ఇంట్లో ఎవరం ఎత్తలేదు. నేను పొద్దున సాయంత్రం మోకాళ్ళ మీద ఉండడం మానలేదు. అడగడమూ మానలేదు. దూది తెల్లగా ఉన్న ఆ కొన్ని రోజులూ దేవుడు ఏం చేస్తున్నాడో. మాకు వినిపించేలా ఏదైనా చెప్పాడేమో, మేము ఏ వైపుకు తిరిగి వెతికామో. తెగిన చెవి బాగైన ఆ పనివాడు ఇంటికి పోయాక ఏం విన్నాడో, ఎవరికి ఏం చెప్పాడో కూడా ఎక్కడా రాసి లేదు.

ఈస్టర్ రోజు తెల్లవారుజామున అందరం కొవ్వొత్తులతో సమాధుల తోటకు పోయి, పాటలు పాడి, వెలుగు వచ్చేసరికి చర్చికి చేరాము. చర్చి నిండిపోయింది. వాక్యం అయ్యాక అయ్యగారు ప్రతి ఏడూ అడిగినట్టే, సాక్ష్యాలుంటే రమ్మన్నారు. అడిగి, మా వైపు చూడకుండా తల వంచుకున్నారు.

ప్రేమ లేచింది. నేను మైకు అందించాను. ఈసారి ఒక్క చేత్తో పట్టుకుంది.

"అందరికీ వందనాలండి. ఆ దినం నేను చెప్పింది మీరంతా ఇన్నారు. ఇది గూడా ఇనండి. చెవి కారేది ఆగితే బాగైందని అనుకోవద్దండి. మా పాపకు ఒక చెవి పోయింది. మీ పిల్లోల్లు పిలిస్తే పలక్కపోతే తిట్టొద్దండి, కొట్టొద్దండి. ఎనక నిలబడుకొని మెల్లిగా పిలిచి సూడండి. తిరక్కపోతే ఆ దినమే ఆస్పత్రికి తీస్కపోండి. ప్రార్థన దావలో గూడా చేసుకోవచ్చు. అంతేనండి."

ఎవరూ హల్లెలూయ అనలేదు.  ఆడవాళ్ళ వరసలో ఒక తల్లి తన ముందు కూర్చున్న కొడుకు వీపు వైపు చూస్తూ పెదాలు కదిపింది. వాడు తిరిగి, "ఏందిమా?" అన్నాడు. ఆమె వాణ్ణి దగ్గరికి లాక్కుంది.

ప్రేమ మైకు నా చేతిలో పెట్టి తన చోటికి పోయింది. అప్పుడు అయ్యగారు, "ఆమెన్," అన్నారు. మైకు లేకుండానే అన్నారు. తర్వాత పండగ పాట ఎత్తుకోమని గాయక బృందానికి చెయ్యి చూపించారు.

ఆ గందరగోళంలో జెస్సీ తన పాత చోటికి, బాక్సు పక్కకు పోయి కూర్చుందని నేను చూడలేదు. డోలక్, కీబోర్డు ఒక్కసారిగా మొదలయ్యాయి. ఆ పిల్ల ఎప్పటిలాగే అరచెయ్యి బాక్సు మీద పెట్టబోయి, ఎగిరిపడి, పెద్దగా ఏడుస్తూ లేచి వాళ్ళమ్మ దగ్గరకు పరిగెత్తింది. మిగతా పిల్లలు కూడా అప్పటికే చెవులు మూసుకొని తల్లుల దగ్గర చేరారు. అందరివీ రెండు చేతులు, రెండు చెవులు.

జెస్సీ కుడి చేత్తో కుడి చెవిని గట్టిగా మూసుకుంది. ఎడమ చెయ్యి మామూలుగా, కొత్త గౌను అంచు పట్టుకొని ఉంది.

నేను నాబ్ తగ్గించాను. అయ్యగారు నా వైపు చూశారు. ఇంకొంచెం తగ్గించాను.